గుర్రపు స్వారీ మొదలుపెడుతున్నారా? ముందు కొనాల్సినవి ఇవే.. ముళ్ల కళ్లెం మాత్రం అస్సలు వద్దు!

ఐపీఎస్ ట్రైనీలకు హైదరాబాద్‌లోని జాతీయ పోలీస్ అకాడమీలో గుర్రపు స్వారీ శిక్షణలో భాగం. ‘మగధీర’లో రామ్ చరణ్ గుర్రం మీద దూసుకొస్తుంటే థియేటర్లలో విజిల్స్ పడ్డాయి. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్ టీమ్ ఈవెంట్‌లో భారత్‌కు స్వర్ణం దక్కింది. ఈక్వెస్ట్రియన్‌లో మనకు 41 ఏళ్ల తర్వాత వచ్చిన బంగారు పతకం అది. హైదరాబాద్ శివార్లలోని రైడింగ్ క్లబ్‌లలో వీకెండ్ క్లాసులకు పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులూ ఉన్నారు.

అంతా బాగానే ఉంది. మరి కొనాల్సిన సామాను సంగతేంటి? ఆన్‌లైన్‌లో వెతికితే వందల వస్తువులు కనిపిస్తాయి. రంగురంగుల జీను గుడ్డలు, మెరిసే కళ్లేలు, ఖరీదైన బూట్లు. ఏది అవసరం, ఏది అలంకారం అనేది కొత్తవాళ్లకు అర్థం కాదు. చాలామంది ముందు అందంగా ఉన్నవి కొంటారు, ప్రాణం కాపాడేవి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. రైడర్ కోసం ఏం కొనాలి, గుర్రం కోసం ఏం కొనాలి, ఏవి కొనకూడదు.. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు తల.. ఆ తర్వాతే మిగతావన్నీ

క్లాసులో చేరిన మొదటి రోజే జీను కొనాల్సిన పని లేదు. గుర్రం, జీను, కళ్లెం క్లబ్బే ఇస్తుంది. సొంతంగా కొనాల్సిన మొదటి వస్తువు హెల్మెట్. క్లబ్‌లో ఇచ్చే హెల్మెట్ పదిమంది పెట్టుకున్నది. అది ఎన్నిసార్లు కింద పడిందో ఎవరికీ తెలియదు.

గుర్రం మీద కూర్చుంటే రైడర్ తల నేల నుంచి దాదాపు 8 అడుగుల ఎత్తులో ఉంటుంది. గుర్రం నిలబడి ఉన్నా సరే, అంత ఎత్తు నుంచి పడితే తలకు తగిలే దెబ్బ మామూలుగా ఉండదు. పైగా గుర్రం సొంతంగా ఆలోచించే ప్రాణి. ప్లాస్టిక్ కవర్ ఎగిరినా, పక్కనే బైక్ హారన్ కొట్టినా ఒక్కసారిగా పక్కకు దూకేస్తుంది.

అనుభవం ఉన్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదు అనుకుంటే పొరపాటే. అమెరికా తరఫున ఒలింపిక్స్‌లో పాల్గొన్న డ్రెస్సాజ్ రైడర్ కోర్ట్‌నీ కింగ్ డై 2010 మార్చిలో శిక్షణ ఇస్తుండగా గుర్రం తూలి పడిపోయింది. ఆ సమయంలో ఆమె హెల్మెట్ పెట్టుకోలేదు. పుర్రె చిట్లి వారాల తరబడి కోమాలో ఉన్నారు. ఆ ఘటన తర్వాతే హెల్మెట్ వాడకంపై అంతర్జాతీయంగా పెద్ద ప్రచారం మొదలైంది. అంతకుముందు డ్రెస్సాజ్ పోటీల్లో పొడవాటి టాప్ హ్యాట్ పెట్టుకోవడం హోదాగా ఉండేది. 2021 నుంచి అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది.

హెల్మెట్ కొనేటప్పుడు ఇవి చూడండి

లోపల స్టిక్కర్: హెల్మెట్ లోపల భద్రతా ప్రమాణం రాసి ఉండాలి. ‘ఏఎస్‌టీఎం ఎఫ్1163’, ‘పాస్ 015’, ‘వీజీ1’ అనేవి గుర్రపు స్వారీ కోసం ఉన్న ప్రమాణాలు. ఇవేవీ లేకుండా చూడ్డానికి మాత్రం రైడింగ్ హెల్మెట్‌లా ఉండేవి మార్కెట్‌లో దొరుకుతాయి. అవి టోపీలే తప్ప రక్షణ కాదు.

సైజు: హెల్మెట్ అంచు కనుబొమలకు దాదాపు రెండు వేళ్ల పైన ఉండాలి. గడ్డం కింద పట్టీ పెట్టకుండానే తల అటూ ఇటూ ఊపి చూడాలి. హెల్మెట్ జారితే సైజు పెద్దదైనట్టే. నొప్పి పుడితే చిన్నదైనట్టు. జడ వేసుకునే అమ్మాయిలు స్వారీకి ఎలా జుట్టు కట్టుకుంటారో అలాగే కట్టుకుని సైజు చూసుకోవాలి.

బైక్, సైకిల్ హెల్మెట్ వద్దు: ఇంట్లో ఉన్నదే వాడేద్దాం అనుకోకండి. బైక్ హెల్మెట్ బరువెక్కువ, పక్కలు కనిపించవు. సైకిల్ హెల్మెట్ తల వెనక కింది భాగాన్ని పూర్తిగా కప్పదు. గుర్రం మీద నుంచి వెనక్కి పడితే ముందు దెబ్బ తగిలేది అక్కడే.

ఒక్క దెబ్బకే పని అయిపోతుంది: గట్టిగా కింద పడితే హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా లోపలి ఫోమ్ నలిగిపోతుంది. అప్పుడు మార్చేయాల్సిందే. ఏమీ కాకపోయినా 5 ఏళ్లకోసారి మార్చాలన్నది సాధారణంగా పాటించే లెక్క. మన ఎండల్లో కారు లోపల, బైక్ ట్యాంక్ మీద హెల్మెట్‌ను వదిలేస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. అందుకే సెకండ్ హ్యాండ్ హెల్మెట్ ఎంత చౌకగా వచ్చినా కొనకూడదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. హెల్మెట్ ఉంటే ఏమీ కాదని కాదు. సూపర్‌మ్యాన్ పాత్రతో ప్రపంచమంతా తెలిసిన క్రిస్టఫర్ రీవ్ 1995లో పోటీలో గుర్రం మీద నుంచి పడ్డారు. హెల్మెట్ ఉంది. కానీ మెడ ఎముక దెబ్బతిని జీవితాంతం చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు. సామాను ప్రమాదాన్ని తగ్గిస్తుంది, లేకుండా చేయదు. అందుకే గురువు చెప్పక ముందే జంపింగ్‌లు, రేసులు మొదలుపెట్టకూడదు.

బూట్లు: కింద పడటం కంటే ఈడ్చుకుపోవడమే పెద్ద ప్రమాదం

రెండో వస్తువు బూట్లు. చాలామంది స్పోర్ట్స్ షూస్‌తో క్లాసుకు వచ్చేస్తారు. స్పోర్ట్స్ షూ అడుగున గీతలు, గాడులు ఉంటాయి. మడమ దగ్గర ఎత్తు ఉండదు. దాంతో పాదం రికాబులోంచి ముందుకు జారి అక్కడే ఇరుక్కుపోవచ్చు. రైడర్ కింద పడ్డా కాలు రికాబులోనే ఉండిపోతే, బెదిరిన గుర్రం మనిషిని ఈడ్చుకుంటూ పరుగెడుతుంది. స్వారీలో అన్నిటికంటే భయంకరమైన ప్రమాదం ఇదే.

కాబట్టి రైడింగ్ బూటుకు మూడు లక్షణాలు ఉండాలి. అడుగు నున్నగా ఉండాలి. మడమ దాదాపు ఒక అంగుళం ఎత్తుండాలి. చీలమండను కప్పాలి. మోకాలి దాకా ఉండే పొడవాటి బూట్లు కొత్తవాళ్లకు అవసరం లేదు. చీలమండ వరకు ఉండే పొట్టి బూట్లు చాలు. వీటినే ప్రపంచమంతా ‘జోధ్‌పూర్ బూట్లు’ అంటారు.

రైడింగ్ ప్యాంట్ పేరు కూడా అక్కడిదే. పైన వదులుగా, మోకాళ్ల కింద బిగుతుగా ఉండే ‘జోధ్‌పూర్స్’ మన రాజస్థాన్ నుంచి వెళ్లినవే. 1897లో విక్టోరియా మహారాణి వజ్రోత్సవాలకు లండన్ వెళ్లిన జోధ్‌పూర్ సర్ ప్రతాప్ సింగ్ వేసుకోవడంతో ఈ ప్యాంట్లు అక్కడ ఫ్యాషన్ అయ్యాయని చెబుతారు. ఇప్పుడు సాగే గుడ్డతో వస్తున్నాయి. మోకాలి లోపలివైపు కుట్లు లేకుండా ఉండటమే వీటిలో అసలు సౌకర్యం. జీన్స్ వేసుకుని గంటసేపు స్వారీ చేస్తే లోపలి కుట్లు ఒరుసుకుని చర్మం కమిలిపోతుంది.

గ్లోవ్స్ కూడా చిన్న విషయం కాదు. చెమట పట్టిన చేతుల్లోంచి పగ్గాలు జారిపోతాయి. గుర్రం ఒక్కసారి తల విదిలిస్తే తోలు పగ్గం అరచేతిని కోసేస్తుంది. వేళ్ల మధ్య పట్టు ఉండే పల్చటి గ్లోవ్స్ చాలు. రేటు తక్కువ, ఉపయోగం ఎక్కువ.

బాడీ ప్రొటెక్టర్ ఎవరికి?

నడక, ట్రాట్ నేర్చుకునే దశలో తప్పనిసరి కాదు. కానీ పిల్లలకు మొదటి నుంచీ ఉంటే మంచిది. జంపింగ్, క్రాస్ కంట్రీ మొదలుపెడితే మాత్రం తప్పదు. పక్కటెముకలకు, లోపలి అవయవాలకు ఇది రక్షణ. కొనేటప్పుడు ‘ఈఎన్ 13158’ ప్రమాణం, అందులో ‘లెవెల్ 3’ అనేది ఉందో లేదో చూడాలి. పిల్లలు పెరుగుతారు కదా అని రెండు సైజులు పెద్దది కొంటే అది పైకి జరిగిపోయి మెడకు తగులుతుంది. గాలితో ఉబ్బే ఎయిర్ వెస్ట్‌లు కూడా వచ్చాయి. రైడర్ జీను నుంచి విడిపోగానే తాడు లాగి ఉబ్బుతాయి. అవి ఖరీదెక్కువ, కొత్తవాళ్లకు తొందర లేదు.

రికాబులు: చిన్న రబ్బరు బ్యాండ్, పెద్ద భద్రత

రికాబు వెడల్పు బూటు కంటే దాదాపు ఒక అంగుళం ఎక్కువ ఉండాలి. మరీ ఇరుకైతే పాదం ఇరుక్కుంటుంది. మరీ వెడల్పైతే పాదమంతా లోపలికి దూరిపోతుంది. పిల్లలు పెద్దల రికాబులు వాడకూడదని చెప్పేది అందుకే.

పిల్లల కోసం ‘పీకాక్’ రికాబులు అడగండి. వీటిలో బయటివైపు ఇనుము బదులు గట్టి రబ్బరు బ్యాండ్ ఉంటుంది. పిల్లాడు కింద పడితే ఆ బ్యాండ్ ఊడిపోయి పాదం వెంటనే బయటికొచ్చేస్తుంది. బ్యాండ్ పగుళ్లు వచ్చిందేమో తరచూ చూసుకుని మారుస్తూ ఉండాలి.

జీను: మనిషికి కాదు.. ముందు గుర్రానికి సరిపోవాలి

సొంత గుర్రం కొన్నాకే జీను కొనాలి. ఎందుకంటే జీను సైజు గుర్రాన్ని బట్టి ఉంటుంది. గుర్రం వీపుకు సరిపోని జీను దాన్ని రోజూ కొట్టినంత పని చేస్తుంది. మెడ, వీపు కలిసే చోట ఉండే ఎత్తైన ఎముక మీద తెల్ల వెంట్రుకలు కనిపించే గుర్రాలు మన ఊళ్లలో చాలా ఉంటాయి. అవి పుట్టుమచ్చలు కాకపోవచ్చు. సరిపోని జీను ఒత్తిడికి చర్మం దెబ్బతిని అక్కడ జుట్టు రంగు పోయి ఉండవచ్చు.

జీను పెట్టి చూసేటప్పుడు గమనించాల్సినవి:

ఆ ఎత్తైన ఎముకకు, జీనుకు మధ్య రైడర్ కూర్చున్నాక కూడా రెండు మూడు వేళ్ల ఖాళీ ఉండాలి.

వెన్నెముక పొడవునా మధ్యలో కాలువలాంటి ఖాళీ ఉండాలి. జీను బరువు వెన్నెముక మీద పడకూడదు. అటూ ఇటూ ఉన్న కండల మీద సమానంగా పడాలి.

జీను భుజం ఎముక వెనకే మొదలవ్వాలి. చివరి పక్కటెముకను దాటి నడుము మీదికి పోకూడదు.

స్వారీ అయ్యాక జీను తీసి చెమట మరక చూడాలి. రెండువైపులా ఒకేలా తడిసి ఉంటే సరిగ్గా కూర్చున్నట్టు. చుట్టూ తడిగా ఉండి మధ్యలో అరచేయంత పొడి మచ్చ ఉంటే అక్కడ ఒత్తిడి ఎక్కువ పడుతోందని అనుమానించాలి.

జీను సరిపోకపోతే కింద రెండు మూడు దుప్పట్లు వేసేస్తుంటారు. అది ఇరుకు బూటులో ఇంకో జత సాక్స్ వేసుకోవడం లాంటిది. నొప్పి పెరుగుతుందే కానీ తగ్గదు. ఒక్క మంచి కాటన్ గుడ్డ చాలు. అది కూడా చెమటతో గట్టిపడకుండా ఉతుకుతూ ఉండాలి. జీనును పొట్ట కింద బిగించే పట్టీని ఒక్కసారే గట్టిగా లాగకూడదు. కొంచెం బిగించి, గుర్రాన్ని నాలుగు అడుగులు నడిపించి, మళ్లీ బిగించాలి.

బరువు లెక్క కూడా గుర్తుపెట్టుకోవాలి. రైడర్, జీను కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. అంటే 400 కిలోల గుర్రం మీద 80 కిలోలకు మించకూడదు. పెళ్లి బరాత్‌లో వరుడితో పాటు ఇద్దరు పిల్లల్ని కూడా ఎక్కించేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

కళ్లెం: ఇక్కడే తేలుతుంది మనిషి మంచితనం

గుర్రం నోట్లో ముందు పళ్లకు, వెనక పళ్లకు మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. కళ్లెంలోని ఇనుప కడ్డీ కూర్చునేది అక్కడే. అక్కడ ఎముక మీద పల్చటి చర్మం మాత్రమే ఉంటుంది. అందుకే చేతిలో పగ్గం ఒక్క అంగుళం కదిలినా గుర్రానికి తెలుస్తుంది.

కొత్తవాళ్లకు ‘స్నాఫిల్’ అనే సాధారణ కడ్డీ చాలు. నున్నగా ఉండి, మధ్యలో కీలు ఉండేది లేదా నిలువుగా ఉండేది తీసుకోవచ్చు. నోటికి రెండువైపులా 5 మిల్లీమీటర్ల చొప్పున బయటికి కనిపించాలి. అంతకంటే ఇరుకైతే పెదవులు నలుగుతాయి. వెడల్పైతే నోట్లో అటూ ఇటూ జారుతుంది.

ఇక ముళ్ల కళ్లెం సంగతి. కొన్ని చోట్ల బరాత్ గుర్రాలకు, జట్కా గుర్రాలకు లోపలివైపు మొనలున్న కళ్లేలు వేస్తుంటారు. గుర్రం అదుపులో ఉంటుందని చెబుతారు. నిజానికి నాలుక, పెదవులు కోసుకుపోయి నెత్తురు కారుతుంది. నొప్పితో ఉన్న గుర్రం ఇంకా ఎక్కువ బెదురుతుంది. అదుపు రావడం అటుంచి ప్రమాదమే పెరుగుతుంది. ఇది కేవలం జాలి విషయం కాదు, చట్టం విషయం. 1965 నాటి బండి, బరువు జంతువులపై క్రూరత్వ నిరోధక నియమాల ప్రకారం మొనలు, ముళ్లు ఉన్న కళ్లేలు వాడటం నిషిద్ధం. పెళ్లికి గుర్రం మాట్లాడుకునేవాళ్లు ముందుగా కళ్లెం చూపించమని అడగొచ్చు. ముళ్లు కనిపిస్తే ఆ గుర్రం వద్దని చెప్పేయొచ్చు. డబ్బు కట్టేవాళ్లు అడిగితేనే ఈ అలవాటు పోతుంది.

ముక్కు మీద పట్టీని కూడా మరీ బిగించకూడదు. ముక్కు ఎముకకు, పట్టీకి మధ్య రెండు వేళ్లు దూరాలన్నది పాత సూత్రం. వేళ్ల లావు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది కదా? అందుకే అంతర్జాతీయ సమాఖ్య 2025 నుంచి పోటీల్లో కొలిచే పరికరాన్ని తెచ్చింది. కనీసం 1.5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాల్సిందే.

మాలీసు డబ్బా: తక్కువ ఖర్చు.. రోజూ పనికొచ్చేది

గుర్రాన్ని రుద్ది శుభ్రం చేయడాన్ని మన పెద్దలు మాలీసు అనేవారు. ఇది అందం కోసం చేసే పని కాదు. రోజూ ఒళ్లంతా చేత్తో తడిమితేనే ఎక్కడ వాచింది, ఎక్కడ గీసుకుంది, ఎక్కడ వేడిగా ఉందనేది తెలుస్తుంది. ఒక డబ్బాలో ఇవి ఉంటే చాలు:

రబ్బరు దువ్వెన: గుండ్రంగా తిప్పుతూ రుద్దితే మట్టి, ఊడిన వెంట్రుకలు పైకొస్తాయి. ఎముకలు తేలిన చోట, ముఖం మీద వాడకూడదు.

గట్టి బ్రష్: పైకి వచ్చిన మట్టిని విదిలించడానికి.

మెత్తని బ్రష్: ముఖానికి, కాళ్లకు, చివరగా మెరుపు కోసం.

రెండు స్పాంజీలు: ఒకటి కళ్లు, ముక్కు తుడవడానికి. రెండోది తోక కింద శుభ్రం చేయడానికి. రెండూ వేరే రంగువి కొంటే తికమక ఉండదు.

గిట్టల కొక్కెం: ఈ డబ్బాలో ఒక్కటే కొనగలిగితే ఇదే కొనాలి.

చెమట గీకే పట్టీ: స్నానం తర్వాత నీళ్లు తీసేయడానికి.

జీను పెట్టే ముందు వీపు, పొట్ట కింద పట్టీ పడే చోట కచ్చితంగా శుభ్రం చేయాలి. అక్కడ చిన్న రాయి, ఎండిన మట్టి ఉన్నా పుండు పడుతుంది. జూలు, తోక చిక్కులు మాత్రం గట్టిగా దువ్వకూడదు. వేళ్లతో విడదీసి, కింది నుంచి పైకి వెళ్లాలి. వెంట్రుకలు ఊడిపోతే మళ్లీ పెరగడానికి చాలా కాలం పడుతుంది.

గిట్ట పోతే గుర్రం పోయినట్టే

గుర్రం బరువంతా మోసేది నాలుగు గిట్టలే. స్వారీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి గిట్టలు శుభ్రం చేయాలి. కొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకు లాగాలి. గిట్ట అడుగున మధ్యలో మెత్తగా ఉండే త్రికోణం భాగాన్ని గుచ్చకూడదు. నల్లగా, కుళ్లిన వాసన వస్తే ‘థ్రష్’ అనే ఇన్ఫెక్షన్ మొదలైనట్టే. వానాకాలంలో తడి పేడలో నిలబడే గుర్రాలకు ఇది ఎక్కువ. మందు కంటే ముందు సాలలో పొడి గడ్డి వేయాలి, పేడ ఎప్పటికప్పుడు తీసేయాలి.

లాడాలు ఉన్నా లేకపోయినా 6 నుంచి 8 వారాలకోసారి లాడం కొట్టే నిపుణుడితో గిట్టలు చెక్కించాలి. లాడం అరగలేదు కదా అని వదిలేస్తే గిట్ట పెరిగి నడక మారిపోతుంది. ఆ ఒత్తిడి కాలి నరాల మీద పడుతుంది.

దాణా: కొలిచేది డబ్బాతో కాదు.. కాటాతో

ఉలవలకు ఇంగ్లిష్‌లో పేరే ‘హార్స్ గ్రామ్’. ఉడకబెట్టిన ఉలవలు గుర్రాలకు పెట్టడం మనకు తాతల నాటి అలవాటు. కానీ గుర్రం ప్రధాన ఆహారం గడ్డే. రోజుకు దాని బరువులో 1.5 నుంచి 2 శాతం ఎండుగడ్డి కావాలి. 400 కిలోల గుర్రానికి 6 నుంచి 8 కిలోలు అన్నమాట. గుర్రం కడుపు శరీరంతో పోలిస్తే చిన్నది. కొంచెం కొంచెంగా రోజంతా తినేలా దాని జీర్ణవ్యవస్థ ఉంటుంది. అందుకే చిన్న కన్నాలున్న గడ్డి వల మంచి కొనుగోలు. గడ్డి త్వరగా అయిపోదు, నేల పాలు కాదు.

తూకం వేసే వేలాడే కాటా ఒకటి కొనండి. డబ్బాతో కొలిస్తే ఓట్స్ బరువు వేరు, ఉలవల బరువు వేరు. ఎక్కువ గింజలు ఒకేసారి పెడితే కడుపునొప్పి వస్తుంది. దాణా మార్చాలంటే వారం, పది రోజుల్లో నెమ్మదిగా మార్చాలి.

ఇంకో ముఖ్యమైన హెచ్చరిక. పశువులకు, కోళ్లకు వాడే కొన్ని దాణాల్లో ‘మోనెన్సిన్’ అనే మందు కలుపుతారు. అది ఆవుకు పనికొస్తుంది కానీ గుర్రం గుండెను దెబ్బతీసి ప్రాణం తీస్తుంది. ఇంట్లో ఆవు దాణా ఉంది కదా అని గుర్రానికి పెట్టకండి.

ఉప్పు గడ్డ, పెద్ద నీళ్ల తొట్టి కూడా లిస్టులో ఉండాలి. మామూలు రోజుల్లోనే గుర్రం 25 లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. ఎండల్లో పని చేస్తే అది రెట్టింపవుతుంది. చెమటతో ఉప్పు భారీగా పోతుంది.

వేడెక్కిన గుర్రం మీద చల్లటి నీళ్లు పోయకూడదని, నీళ్లు తాగనివ్వకూడదని చాలామంది చెబుతుంటారు. అది పాత నమ్మకం. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ముందు ఎండ, ఉక్కపోతలపై జరిగిన పరిశోధనల తర్వాత చల్లటి నీళ్లు ధారాళంగా పోయడమే సరైన పద్ధతని తేలింది. కాబట్టి పొడవాటి నీళ్ల పైపు, ఒక బకెట్, సాలలో ఒక ఫ్యాన్.. తెలుగు రాష్ట్రాల వేసవిలో ఇవి ఏ విదేశీ బ్రాండ్ కంటే విలువైనవి. స్వారీ కూడా తెల్లవారుజామునే పెట్టుకోవాలి.

ఫస్ట్ ఎయిడ్ డబ్బా: థర్మామీటర్ ఉందా?

గుర్రానికి ఒంట్లో బాగోలేదని డాక్టర్‌కు ఫోన్ చేస్తే ముందు అడిగే ప్రశ్న జ్వరం ఎంత అనే. అందుకే గుర్రానికి ప్రత్యేకంగా ఒక డిజిటల్ థర్మామీటర్ ఉంచాలి. ఈ అంకెలు ఫోన్‌లో సేవ్ చేసుకోండి:

ఉష్ణోగ్రత: 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్

విశ్రాంతిలో గుండె వేగం: నిమిషానికి 28 నుంచి 44

శ్వాస: నిమిషానికి 8 నుంచి 16

దూది, శుభ్రమైన గుడ్డలు, సెలైన్, కట్టు పట్టీలు, కత్తెర, టార్చ్ కూడా ఉండాలి. గుర్రాలకు ధనుర్వాతం త్వరగా సోకుతుంది. టీకా తేదీ డబ్బా మూత మీదే రాసి అతికిస్తే మర్చిపోరు.

గుర్రం నేలను కాలితో గీరుతూ, పొట్ట వైపు తిరిగి చూస్తూ, పడుకుని దొర్లుతూ, పేడ వేయకుండా ఉంటే అది కడుపునొప్పి. గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే మనకు చిన్నదనిపించే కడుపునొప్పి దానికి గంటల్లో ప్రాణాంతకం కావచ్చు. నూనె తాగించడం, మనుషుల మాత్రలు వేయడం చేయకుండా వెంటనే పశువైద్యుడిని పిలవాలి. ఎప్పుడు మొదలైంది, చివరిసారి ఎప్పుడు పేడ వేసింది అనేది రాసిపెట్టుకుంటే వైద్యుడికి సగం పని తగ్గుతుంది.

బకెట్ అప్పు ఇవ్వొద్దు.. ఎందుకంటే?

నీళ్ల బకెట్, కళ్లెం, బ్రష్.. ఇవి ప్రతి గుర్రానికీ వేరువేరుగా ఉండాలి. తామర లాంటి చర్మవ్యాధులు బ్రష్‌ల ద్వారా ఒక గుర్రం నుంచి ఇంకోదానికి పాకుతాయి. అంతకంటే ప్రమాదకరమైనది గ్లాండర్స్. ఇది బ్యాక్టీరియాతో వచ్చే వ్యాధి. ముక్కు నుంచి చీము, ఒంటిమీద గడ్డలు, పుండ్లు దీని లక్షణాలు. అందరూ తాగే తొట్టి, అందరికీ వాడే సామాను ద్వారా వ్యాపిస్తుంది. మనుషులకూ సోకుతుంది. టీకా లేదు. వ్యాధి నిర్ధారణ అయితే చట్టప్రకారం ఆ గుర్రాన్ని చంపేయాల్సిందే. ఈ పరీక్షలు హరియాణాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో చేస్తారు. కొత్త గుర్రం కొనేముందు పరీక్ష రిపోర్ట్ అడగడం, తెచ్చాక కొన్నాళ్లు విడిగా ఉంచడం మర్చిపోవద్దు. ఒక కొత్త బకెట్ ఖర్చుకు చూసుకుంటే మొత్తం సాల ఖాళీ కావచ్చు.

ఎక్కడ కొనాలి? సమాధానం మన దేశంలోనే ఉంది

తోలు జీనులు, కళ్లేలకు కాన్పూర్ పెట్టింది పేరు. 1860ల్లో బ్రిటిష్ సైన్యం కోసం అక్కడ జీనుల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ నైపుణ్యం ఊరంతా పాకింది. ‘కాన్పూర్ శాడిలరీ’కి జీఐ గుర్తింపు కూడా ఉంది. ఐరోపా దుకాణాల్లోకి కాన్పూర్ సరుకు ఎగుమతి అవుతుంది. కాబట్టి విదేశీ పేరు ఉందని మాత్రమే ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు. కుట్లు దగ్గరగా ఉన్నాయా, తోలు వంచితే పగులుతోందా, బకిల్ తుప్పు పట్టేదా స్టీలా అనేది చూసుకుంటే చాలు. హెల్మెట్, బూట్లు, ప్యాంట్ లాంటివి మాత్రం వేసుకుని చూసి కొనాలి. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ సౌకర్యం ఉందో లేదో చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ జీను కొనొచ్చు. కానీ రికాబు పట్టీలు, పొట్ట కింద పట్టీ కుట్లు గట్టిగా లాగి చూడాలి. జీను లోపలి చట్రం విరిగి ఉంటే వంచినప్పుడు శబ్దం వస్తుంది, అది తీసుకోకూడదు. ఇంటికి తెచ్చాక క్రిమిసంహారకంతో బాగా శుభ్రం చేయాలి. వానాకాలంలో తోలుకు బూజు పడుతుంది. వాడిన ప్రతిసారీ తడి గుడ్డతో తుడిచి, జీను సబ్బు రాసి, గాలి తగిలే చోట నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగిలిపోతుంది.

ఇవి ఇప్పుడే కొనకండి

స్పర్స్: బూటు వెనక ఉండే ముల్లు. కాలు నిలకడ రాకముందు వేసుకుంటే తెలియకుండానే గుర్రాన్ని పొడుస్తుంటారు.

ఖరీదైన కాలి బూట్లు, బ్యాండేజీలు: గుర్రం కాళ్లకు తప్పుగా చుట్టిన బ్యాండేజీ నరాలకు హాని చేస్తుంది. చుట్టడం నేర్చుకున్నాకే కొనాలి.

మెరుపులు, అద్దాలు ఉన్న అలంకరణ సామాను: ఫొటోకు బాగుంటాయి. చర్మానికి గుచ్చుకుంటాయి.

రకరకాల సప్లిమెంట్లు: గడ్డి, ఉప్పు, నీళ్లు సరిగ్గా ఉన్నాకే, అదీ వైద్యుడు చెబితేనే.

మొత్తంగా చూస్తే వరుస ఇదీ. క్లాసులకు వెళ్లేవాళ్లు ముందు హెల్మెట్, తర్వాత బూట్లు, గ్లోవ్స్, ప్యాంట్. పిల్లలైతే బాడీ ప్రొటెక్టర్ కూడా. సొంత గుర్రం ఉన్నవాళ్లు ముందు గిట్టల కొక్కెం, గడ్డి వల, కాటా, థర్మామీటర్, విడి బకెట్. ఆ తర్వాత గుర్రం వీపు కొలిచి జీను. ఎంత ఖరీదైన జీను కొన్నా దాని కింద ఉన్న వీపు నొప్పి పెడుతుంటే ఆ డబ్బంతా వృథానే. గుర్రం నోరు తెరిచి చెప్పలేదు. స్వారీ అయ్యాక వీపు తడిమి, గిట్ట ఎత్తి, నోరు చూడటానికి పట్టేది పది నిమిషాలే.